‘నువ్వు ముట్టుకున్న దగ్గర్నుంచే ఇలా అవుతోంది’: ఆఫీసులో సిస్టమ్‌లు చూసే మనిషికి కొన్ని పద్ధతులు

విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్ ఆఫీసైనా, సూర్యారావుపేటలో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరైనా, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్టయినా ఐటీ డిపార్ట్‌మెంట్ అంటూ వేరే ఉండదు. పది పదిహేను సిస్టమ్‌లుంటాయి, వాటన్నిటికీ ఒక్క మనిషి ఉంటాడు. అతని అసలు ఉద్యోగం డేటా ఎంట్రీయో స్టోర్సో అయ్యుంటుంది. ‘మనవాడికి కంప్యూటర్లు బాగా తెలుసు’ అన్న పేరొచ్చిన పాపానికి ఈ పనీ నెత్తిన పడుతుంది. జీతంలో తేడా ఉండదు, మాటలు మాత్రం పడాలి. ఇది అలాంటివాళ్ల కోసం.

చిరాకు పుట్టించే ఫిర్యాదుల్లో అబద్ధాలు తక్కువే. మనిషి చూసింది నిజమే అయ్యుంటుంది, దానికి అతను కట్టిన కారణం తప్పై ఉంటుంది. కాబట్టి చూసింది మాత్రం తీసుకోండి, కారణం గురించి వాదించకండి. కింద రాసిన వాటిలో సగం, తగువులా కనిపించే విషయానికి మిషన్‌లో ఉన్న కారణం ఏమిటన్నదే.

ఫిర్యాదు తీసుకోవడం

‘సర్వర్ పోయింది’, ‘వైరస్ వచ్చింది’, ‘సిస్టమ్ స్ట్రక్కయింది’. ఈ మూడూ ఒకే జబ్బుకి వాడతారు, మూడు వేరువేరు జబ్బులకీ వాడతారు. అందుకే నాలుగు విషయాలు అడగండి. ఏ ప్రోగ్రాంలో ఏం చేయబోయారు? తెర మీద ఏం రాసి వచ్చింది? పక్క సిస్టమ్‌లో కూడా అంతేనా? ఆఖరిసారి బాగా పనిచేసింది ఎప్పుడు? మూడో ప్రశ్న ఒక్కటే సగం పని తేల్చేస్తుంది. ఒక్క సిస్టమ్‌లోనే అయితే అక్కడికి వెళ్లాలి, అందరికీ అయితే రూటర్ దగ్గరికో ప్రింటర్ దగ్గరికో వెళ్లాలి.

‘నేనేం చేయలేదండీ, దానంతటదే అయింది’ అంటే ‘ఎవరు చేశారు మరి?’ అనకండి. ఆ మాట వినగానే మనుషులు నోరు మూసుకుంటారు. ‘ఇవాళ కొత్తగా ఏమన్నా తగిలించారా, పెన్‌డ్రైవ్‌గానీ ఫోన్ ఛార్జింగ్ వైరుగానీ?’ అని వస్తువుల గురించి అడగండి, చెప్తారు.

ఎర్రర్ మెసేజ్ రాగానే ఓకే కొట్టి మూసేసి, తర్వాత మిమ్మల్ని పిలిచేవాళ్లే ఎక్కువ. ప్రతి మానిటర్ అంచుకీ ఒక చీటీ అంటించండి: ‘మెసేజ్ వస్తే ఓకే కొట్టవద్దు. ఫోన్‌తో తెర మొత్తం ఫోటో తీసి పంపండి.’ తెర మొత్తం ఎందుకంటే కుడివైపు కింద మూల టైమూ తేదీ కూడా పడతాయి, అవి తర్వాత పనికొస్తాయి. కొంచెం అలవాటున్నవాళ్లకి విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కడం నేర్పితే ఫోన్ కూడా అక్కర్లేదు.

ఇక శీర్షికలో ఉన్న మాట సంగతి. స్టార్ట్ దగ్గర ‘రిలయబిలిటీ’ అని టైప్ చేస్తే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. ఏ రోజు ఏ ప్రోగ్రాం ఎక్కింది, ఏ అప్‌డేట్ పడింది, ఏది క్రాష్ అయింది అన్నీ తేదీలవారీగా అందులో ఉంటాయి. మీరు మంగళవారం మౌస్ మార్చారు, అంతకుముందు శుక్రవారం నుంచే ఎక్సెల్ క్రాష్ అవుతోంది అనుకోండి. తెర అటు తిప్పి చూపిస్తే చాలు. గొంతు పెంచక్కర్లేదు.

‘రీస్టార్ట్ చేశానయ్యా!’

అకౌంటెంట్ గారు చేశానంటారు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి చూస్తే అప్‌టైమ్ (విండోస్ చివరిసారి మొదట్నుంచి మొదలయ్యాక గడిచిన సమయం) దగ్గర 12 రోజులని ఉంటుంది. ఇక్కడే మీరు నోరు జారే ప్రమాదం ఉంది. ఆయన రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసి, మెయిన్ కూడా కట్టేసి వెళ్తున్నారు, అదీ నిజమే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ మీ ప్రోగ్రాంలను మూసేస్తుందిగానీ తన కెర్నల్‌ని (విండోస్ లోపలి మూల భాగాన్ని), డ్రైవర్లని హార్డ్‌డిస్కులో దాచుకుని పొద్దున మళ్లీ వాటినే పైకి తెస్తుంది. నిన్న తిక్కగా ఉన్న ప్రింటర్ డ్రైవర్ ఇవాళా అదే తిక్కతో లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదట్నుంచి మొదలవుతుంది.

దీన్ని తీసేయడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అక్కడ ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’, తర్వాత ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్’ నొక్కి, కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ దగ్గర టిక్ తీసేసి సేవ్ చేయాలి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన కొత్తరకం డిస్కు) ఉన్న సిస్టమ్‌లో దీనివల్ల లేచే టైము కొన్ని సెకన్లకు మించి పెరగదు. పాత హార్డ్‌డిస్కు అయితే పెరుగుతుంది, ‘స్లో చేశావు’ అని ఇంకో మాట పడతారు. ముందే చెప్పి చేయండి.

నెట్ రావట్లేదు

‘కేబుల్ పెట్టి ఉందా?’ అని ఫోన్లో అడిగితే ‘ఉంది’ అనే జవాబే వస్తుంది, చూడకుండానే. బదులుగా ‘రెండు వైపులా తీసి మళ్లీ పెట్టండి, టిక్కుమని వినపడాలి’ అనండి. క్లిప్పు విరిగిన కేబుల్‌కి ఆ శబ్దం రాదు. అక్కడికక్కడే దొరికిపోతుంది. మార్కెట్ కొట్లలో గోడ వెంట వెళ్లే కేబుళ్లని ఎలుకలు కొరుకుతాయి. పీవీసీ పైపులో వేయిస్తే ఖర్చు కొంచెమే, లాభం ఏళ్ల తరబడి.

సిస్టమ్ దగ్గరికి వెళ్లాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు) 169.254తో మొదలైతే ఆ సిస్టమ్‌కి రూటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. కేబుల్, స్విచ్ పోర్టు, రూటర్ వరసగా చూసుకుంటూ వెళ్లాలి. అడ్రస్ బాగానే ఉండి డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ అడ్రస్) మాత్రం మిగతా సిస్టమ్‌లకి ఉన్నట్టు లేకపోతే, అంటే అందరికీ 192.168.1.1 ఉండి దీనికి 192.168.0.1 వస్తుంటే, ఆఫీసులోకి ఇంకో రూటర్ చేరిందని అర్థం. మేడ మీద గదిలో సిగ్నల్ రావట్లేదని ఎవరో ఇంట్లోంచి పాత వైఫై రూటర్ తెచ్చి స్విచ్‌కి తగిలించి ఉంటారు. అది తన లెక్కన అడ్రస్‌లు పంచుతుంది, దొరికినవాళ్లకి దొరికినట్టు నెట్ పోతుంది, పది నిమిషాలకి వస్తుంది, మళ్లీ పోతుంది. తెచ్చినాయన మంచి ఉద్దేశంతోనే తెచ్చారు కాబట్టి దాన్ని పీకి అవతల పడేయకుండా, ఆ రూటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆఫ్ చేసి, దాని అడ్రస్ 192.168.1.250 లాగా మిగతా వరసలో ఎవరూ వాడనిది ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ (WAN, బయటి నెట్ వైరు పెట్టే) పోర్టుకి కాకుండా ల్యాన్ (LAN, లోపలి సిస్టమ్‌ల) పోర్టుకి పెట్టండి. అదే రూటర్ వైఫై మాత్రం ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా పనిచేస్తుంది, ఆయనకి సిగ్నలూ వస్తుంది.

ఆఫీసు మొత్తానికీ ఒక్కసారే నెట్ పోయి, స్విచ్ మీద లైట్లన్నీ కలిసి పిచ్చి వేగంతో మిణుకుతుంటే లూప్. టేబుల్ కింద వేలాడుతున్న కేబుల్ కొసని చూసి, ఊడిపోయిందనుకుని ఎవరో అదే స్విచ్‌లో గుచ్చుతారు. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉంటే పంపిన ప్యాకెట్లే తిరుగుతూ నెట్‌వర్క్‌ని నింపేస్తాయి. ఒక్కో కేబుల్ తీస్తూ లైట్లు నెమ్మదించేది ఎప్పుడో చూడండి. వాడని కేబుల్ కొసలకి టేపు చుట్టి ‘పెట్టవద్దు’ అని రాస్తే ఇది మళ్లీ రాదు.

మరొకటి, దసరాకో సంక్రాంతికో నాలుగైదు రోజులు కరెంటు కట్టేసి వచ్చాక కనిపించేది. నెట్ గుర్తు బాగానే ఉంటుంది. ఏ సైటు తెరిచినా ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటుంది. కుడివైపు కింద తేదీ చూడండి, ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. సైట్ల సర్టిఫికెట్లకి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. సిస్టమ్ తేదీ వాటి మధ్య లేకపోతే బ్రౌజర్ తలుపు తీయదు. మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టులది, గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది. కరెంటు తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేట్టు కొత్తది పెట్టి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) తేదీ సరిచేయాలి. కానీ తీయకముందు బయోస్‌లో హార్డ్‌డిస్కు మోడ్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే కొన్ని బోర్డుల్లో ఏహెచ్‌సీఐ, రైడ్ అనే ఆ మోడ్ సెట్టింగు మారిపోయి విండోసే లేవదు. అప్పుడు ‘తేదీ సరిచేయమంటే సిస్టమే చంపేశాడు’ అన్న పేరు మిగులుతుంది.

ప్రింటర్

ఆఫీసు తగువుల్లో పెద్ద వాటా దీనిదే.

ఒకరు పంపిన ఫైలు ఇరుక్కుంటే వెనకున్న అందరివీ ఆగుతాయి. ప్రింట్ రాలేదని మళ్లీ మళ్లీ కొడతారు, పది కాపీలు వరసకడతాయి. క్యూలోంచి డిలీట్ చేస్తే ‘డిలీటింగ్’ అని అక్కడే కూర్చుంటుంది. ఇలా చేయండి:

1. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ తెరిచి ‘ప్రింట్ స్పూలర్’ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి.
2. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరవండి. లోపలున్న ఫైళ్లు డిలీట్ చేయండి. ఫోల్డర్‌ని చేయకండి.
3. మళ్లీ సర్వీసెస్‌లో స్పూలర్‌ని స్టార్ట్ చేయండి.
4. ప్రింటర్ స్విచ్ ఒకసారి ఆపి వేయండి. దాని మెమరీలో సగం ఫైలు మిగిలి ఉంటే అదీ పోతుంది.

షేరింగ్ ఉన్న ప్రింటర్ అయితే ఇది ప్రింటర్ తగిలించి ఉన్న సిస్టమ్‌లో చేయాలి, ఫిర్యాదు చేసినవాళ్ల దాంట్లో కాదు. ఈ తేడా తెలియక గంటలు పోతాయి.

యూఎస్‌బీ ప్రింటర్‌ని ఒకరి సిస్టమ్ నుంచి షేర్ చేస్తే ఆ ఒక్కరే పరోక్షంగా ప్రింటర్‌కి యజమాని అవుతారు. మేడమ్ ఐదింటికి సిస్టమ్ కట్టేసి వెళ్తే ఆరింటిదాకా ఉండేవాళ్లకి ప్రింట్ ఉండదు. మర్నాడు ఇద్దరికీ మాటలుండవు. దీన్ని మంచితనంతో పరిష్కరించలేరు. ల్యాన్ పోర్టు ఉన్న ప్రింటర్ కొనమని రాసివ్వండి, లేదా అందరికంటే ఆలస్యంగా వెళ్లేవాళ్ల సిస్టమ్‌కి మార్చండి. నెట్‌వర్క్ ప్రింటర్ కరెంటు పోయి వచ్చాక ‘ఆఫ్‌లైన్’ అంటుంటే, రూటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చిందేమో చూడండి. రూటర్‌లో ఆ ప్రింటర్‌కి అడ్రస్ రిజర్వ్ చేసి, సిస్టమ్‌లలో ప్రింటర్ పోర్టుని ‘స్టాండర్డ్ టీసీపీ ఐపీ’గా ఆ అడ్రస్‌కే కట్టేస్తే ఆ గొడవ తీరుతుంది.

ఇక్కడి ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న హెచ్‌పీ 1020, ఎం1005 రెండింటికీ 12ఏ కార్ట్రిడ్జే. కంపెనీ లెక్కన దాదాపు 2000 పేజీలు. రీఫిల్ చేయించిన కార్ట్రిడ్జితో వచ్చే మరకల్ని చూసి ప్రింటర్ పాడైందని రిపేరుకి పంపకండి. పేజీ పొడవునా ఒకే చోట సన్నటి నిలువు గీత పడితే డ్రమ్ము గీసుకుపోయింది, లేదా దాన్ని తుడిచే బ్లేడు అరిగింది. ఒకే మచ్చ దాదాపు ఏడున్నర సెంటీమీటర్లకోసారి పడుతుంటే డ్రమ్ము మీదే దెబ్బ. స్కేలు పెట్టి కొలవండి, డ్రమ్ము చుట్టుకొలత అంతే. పేజీ నిండా నల్లపొడి రాలుతుంటే రీఫిల్ చేసినవాళ్లు వేస్టు టోనర్ గది ఖాళీ చేయలేదు. ఈ మాట కొలతతో సహా చెప్తే రీఫిల్ కుర్రాడు మారు మాట్లాడకుండా డ్రమ్ము మార్చి తెస్తాడు.

వానాకాలంలో పేపరు ఇరుక్కోవడం ఎక్కువవుతుంది. విప్పి పెట్టిన కట్ట గాల్లో తేమ పీల్చి షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. ట్రేలో ఆ రోజుకి సరిపడా పెట్టి, మిగతాది రేపరు మడిచి బీరువాలో ఉంచండి. ఇరుక్కున్న కాగితాన్ని కార్ట్రిడ్జి తీసి, రెండు చేతులతో, అది వెళ్లే దిక్కుకే లాగాలి. వెనక్కి గుంజితే ముక్క లోపల ఉండిపోతుంది.

‘నా లెటర్ పాడుచేశావు’

అను ఫాంట్‌లో (డీటీపీ వాళ్లు వాడే పాతరకం తెలుగు ఫాంట్‌లో) కొట్టిన తెలుగు ఉత్తరం వేరే సిస్టమ్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మని ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టారు. ఫాంటు లేని చోట కింద ఉన్న అసలు అక్షరాలు బయటపడతాయి. అదే ఫాంటు ఎక్కించాలి, లేదా పంపేటప్పుడే పీడీఎఫ్ చేయాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఫారం నింపడానికి అది పనికిరాదు, ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడే కావాలి. విండోస్‌తోపాటు వచ్చే గౌతమి, నిర్మల ఫాంట్లు అవే. కన్వర్టర్‌తో మార్చినప్పుడు ఒత్తులు, సున్నలు తప్పకుండా ఒకసారి చదివి చూసుకోవాలి. పాత డీటీపీ ఆపరేటర్‌ని యూనికోడ్‌కి మారమని బలవంతపెట్టకండి; వేళ్లకి పట్టిన కీబోర్డు పోతే స్పీడు సగానికి పడుతుంది. అను కీబోర్డు వరసతోనే యూనికోడ్ కొట్టించే సాఫ్ట్‌వేర్ చూపించండి, అదే నెమ్మదిగా అలవాటవుతుంది.

ఎక్సెల్ మీద వచ్చే నింద ఇంకొకటి: ‘అకౌంట్ నంబర్లు అదే మార్చేసింది’. మార్చేసింది నిజమే. ఎక్సెల్ 15 అంకెల వరకే అంకెగా గుర్తుపెట్టుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నా వేసేస్తుంది. ముందున్న సున్నాలు తీసేస్తుంది. కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్ చేసి తర్వాత టైప్ చేయాలి. టైప్ చేశాక ఫార్మాట్ మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు, చెక్కుబుక్కు చూసి మళ్లీ కొట్టుకోవాల్సిందే.

యూపీఎస్, ఎండ, మిరప దుమ్ము

ఒక యూపీఎస్‌కి ఒకటో రెండో సిస్టమ్‌లు. లేజర్ ప్రింటర్ అస్సలు పెట్టకూడదు. అందులో కాగితాన్ని కాల్చి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్‌లు చాలావాటి సత్తువ 360 వాట్లే. ప్రింట్ కొట్టగానే కుయ్‌మని సిస్టమ్‌లు ఆగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎవరో టేబుల్ ఫ్యాను కూడా దానికే పెడతారు, టేబుల్ కింద వంగి చూడండి.

లోపలుండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. ఛార్జింగ్ తీసి గంటాగి మల్టీమీటర్ పెడితే 12.6 పైన ఉండాలి. లోడు మీద చూస్తుండగానే 10.5కి పడిపోతే దాని పని అయిపోయింది. బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ప్రతి పది డిగ్రీలకి దాదాపు సగం తగ్గుతుంది. విజయవాడలో మే నెలలో బయటే 45 చూస్తాం, ఏసీ లేని గదిలో బీరువా వెనక ఇరికించిన యూపీఎస్ సంగతి చెప్పక్కర్లేదు. ‘కిందటేడే కదయ్యా మార్చింది’ అని ఓనరు అడిగితే ఈ లెక్క చెప్పండి, పెట్టిన తేదీ బ్యాటరీ మీద మార్కరుతో రాసి చూపండి.

యార్డు దగ్గర సిస్టమ్‌లలో మిరప దుమ్ము ఫ్యానుకీ హీట్‌సింకుకీ పట్టి, సీపీయూ వేడెక్కి స్లో అవుతుంది, చివరికి దానంతటదే ఆగిపోతుంది. సీజన్‌లో నెలకోసారి దులపాలి. క్యాబినెట్‌ని ఆరుబయటికి తీసుకెళ్లి, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. ఏసీ గదిలో కొట్టారంటే ఆఫీసు ఆఫీసంతా దగ్గుతూ మీ మీద పడుతుంది.

మనుషులు

వయసులో పెద్దవాళ్ల చేతిలోంచి మౌస్ లాక్కోకండి. ‘మీరు నొక్కండి సార్, నేను చూస్తాను’ అనండి. రెండు నిమిషాల పని పది నిమిషాలవుతుంది, కానీ తర్వాతిసారి పిలవరు. ఒక పనికి ఒక కాగితం, అది కూడా వాళ్ల చేతిరాతతోనే రాయించండి, బటన్ల పేర్లు తెర మీద ఉన్నట్టే. ట్యాలీలో (అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో) మౌస్ ముట్టుకోకుండా వోచర్లు కొట్టే గుమాస్తా గారికి మీరు స్పీడు నేర్పక్కర్లేదు. ఆయన డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మాత్రం జరపకండి.

‘మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్, వాడు చెప్పాడు’ అంటూ డ్రైవర్ అప్‌డేటర్లూ క్లీనర్లూ ఎక్కించేవాళ్లతో వాదించి లాభం లేదు. వాళ్ల లాగిన్‌ని అడ్మినిస్ట్రేటర్ నుంచి స్టాండర్డ్ యూజర్‌కి మార్చండి. ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒక్కరికే చేస్తే అవమానం. అందరికీ ఒకే రోజు చేయండి, మీ రోజువారీ లాగిన్‌తో సహా. క్రాక్ (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ప్రోగ్రాం) వేయమని అడిగితే నీతులు చెప్పక్కర్లేదు: ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, ఆపాక ఏం దిగిందో ఎవరికీ తెలీదు, ట్యాలీ డేటా ఉన్న సిస్టమ్‌లో అది కుదరదు అనండి.

పాస్‌వర్డ్, ఓటీపీ, డిజిటల్ సిగ్నేచర్ పిన్ ఎవరు చెప్పబోయినా ఆపండి, వాళ్ల చేతే కొట్టించి అటు తిరగండి. రేపు డబ్బు పోయినరోజు మొదట వచ్చే పేరు మీదే. ఫోన్లో ఎవరో ‘బ్యాంకు నుంచి’ అని ఎనీడెస్క్ (దూరం నుంచి మన సిస్టమ్‌ని నడిపే ప్రోగ్రాం) వేయించుకున్నారని తెలిస్తే ముందు నెట్ కేబుల్ తీయండి, తర్వాత బ్యాంకుకీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయించండి, తిట్లు ఏమన్నా ఉంటే ఆ తర్వాత. నిమిషాలు లెక్కే.

ఓనరు గారి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘బాగానే ఉందిగా, కొత్తదెందుకు?’ అందరికంటే ఎక్కువ సణిగే మనిషి సిస్టమ్‌ని తీసుకోండి. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే అడ్డు పాత హార్డ్‌డిస్కే. ఆ ఒక్కదానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, లేచే టైము ముందూ తర్వాతా గడియారం పెట్టి చూపించండి. మిగతావి ఆయనే అడుగుతారు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 (బోర్డు మీదుండే సెక్యూరిటీ చిప్), ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలి. ఏ సిస్టమ్ దానికి సరిపోతుందో, ఏది సరిపోదో ఒక పేజీలో రాసివ్వండి. నోటిమాటగా చెప్పింది ‘ఎప్పుడు చెప్పావు?’ దగ్గర ఆగిపోతుంది.

ఇళ్లల్లోని లాప్‌టాప్‌లు, పిల్లల ఫోన్లు తెస్తుంటారు. మొహమాటంతో ఒకటి చూస్తే పది వస్తాయి. ‘ఆఫీసు సిస్టమ్‌లు అయ్యాక శనివారం సాయంత్రం చూస్తానండి, మీ డేటా ముందే మీరు కాపీ చేసుకుని తీసుకురండి’ అనండి. ఆ రెండో షరతు వినగానే సగంమంది ఆగిపోతారు.

రిజిస్టరు, తేదీలు

ఒక లాంగ్‌బుక్కు పెట్టండి. తేదీ, టైము, ఎవరు, వాళ్లు చెప్పిన మాట, దొరికిన కారణం, పట్టిన సమయం. వాట్సాప్ గ్రూపు సరిపోదు, వెతికితే దొరకదు. రెండు నెలలకి ఏ ప్రింటర్ ఎన్నిసార్లు ఆగిందో, ఏ మనిషికి ఒకే పని ఎన్నిసార్లు చూపించారో కళ్లకి కడుతుంది. ఓనరుతో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

నెలలో గడువులు ఇవి: 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్ 1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్ 3బి. ఈ తేదీలకి రెండు రోజుల ముందు నుంచి ఏ సిస్టమ్‌లోనూ ఏదీ మార్చకండి: విండోస్ అప్‌డేట్ పాజ్ చేయండి, ట్యాలీ వెర్షన్ ముట్టుకోకండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ని (సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిదాన్ని) మాత్రం నెల మొదట్లోనే పెట్టి చూడండి, సర్టిఫికెట్ ముగిసే తేదీతో సహా. 20 సాయంత్రం జీఎస్టీ సైటు సంతకానికి వాడే ఈఎమ్‌సైనర్ ప్రోగ్రాం టోకెన్‌ని గుర్తుపట్టకపోతే దానికి మీరు చేయగలిగింది తక్కువ, పడే మాటలు ఎక్కువ.

ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్. దాన్ని అదే హార్డ్‌డిస్కులో పెడితే పెట్టనట్టే. బయటి డ్రైవ్‌లోకి తీసి, డ్రైవ్‌ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేస్తే ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే వైరస్) దాన్నీ లాక్ చేస్తుంది. నెలకోసారి వేరే సిస్టమ్‌లో, ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి ఆఖరి వోచర్ నంబరు సరిపోయిందో చూడండి. ఎవరి సిస్టమ్ ఫార్మాట్ చేయాలన్నా ‘డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డి డ్రైవ్ కాపీ అయ్యాయి, చూసుకున్నాను’ అని వాళ్ల చేత మెసేజ్ పెట్టించుకున్నాకే మొదలుపెట్టండి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రూటర్ పక్కన ఒక కాగితం అంటించండి: ఇంటర్నెట్ కస్టమర్ ఐడీ, వాళ్ల కంప్లైంట్ నంబరు, ప్రింటర్ ఐపీ అడ్రస్, ముందు మోడెం స్విచ్ వేసి రెండు నిమిషాలాగి తర్వాత రూటర్ వేయాలన్న వరస. అడ్మిన్ పాస్‌వర్డ్‌ని కవర్లో పెట్టి అంటించి, అంటు మీద సంతకం చేసి ఓనరు గారికివ్వండి. తిరిగొచ్చాక కవరు చిరిగి ఉంటే ఆ రోజే పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు ఇవ్వండి.